గంట మోగని చోట

2009లో నాకు 20 ఏళ్లు. విశాఖపట్నంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. అప్పటికి మూడేళ్లుగా రోజూ ఉదయం ఐదున్నరకల్లా బాక్సింగ్ క్లబ్బులో ఉండేదాన్ని. ఆ ఏడాది రాష్ట్ర స్థాయి పోటీల్లో 48 కిలోల విభాగంలో రజత పతకం వచ్చింది. పతకం వచ్చిన నాలుగో రోజున అనకాపల్లిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్లాం. వంటింట్లోంచి కాఫీ గ్లాసుల ట్రే పట్టుకుని హాల్లోకి వస్తుంటే, చిన్నప్పటి నుంచి నేను బాబాయ్ అని పిలిచే ఒక మనిషి, ఇరుకు నడవలో నాకు దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగి, నా నడుము మీద చెయ్యి వేశాడు. అది పొరపాటున తగిలిన చెయ్యి కాదు; కొన్ని క్షణాల పాటు అక్కడే ఉంది. నేను ఏమీ చెయ్యలేదు. ట్రే ఒలకకుండా పట్టుకుని, అడుగు ముందుకు పడక, ఆయన తనంతట తాను చెయ్యి తీసేదాకా నిలబడ్డాను. తరువాత హాల్లోకి వెళ్లి అందరికీ కాఫీలు ఇచ్చాను. ఆయనకూ ఇచ్చాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన చేసిన పని మీద కోపం ఎంత ఉందో, నా మీద నాకు అంత అనుమానం కలిగింది. వారం ముందు నాకంటే పొడుగైన అమ్మాయితో రింగులో నిలబడి, పెదవి చిట్లినా వెనక్కి తగ్గలేదు. అలాంటిదాన్ని ఒక మధ్యవయస్కుడి చెయ్యిని ఎందుకు తోసెయ్యలేకపోయాను? నేను నేర్చుకున్నదంతా ఎక్కడికి పోయింది? ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లు వదలలేదు. ఇప్పుడు ఆదివారాలు కాలేజీ అమ్మాయిలకు బాక్సింగ్, దానితో పాటు ఆత్మరక్షణ నేర్పుతున్నాను. ఆ రెండింటికీ మధ్యలో ఒక గీత గీసి మరీ నేర్పడానికి కారణం ఆ ప్రశ్నే. పోరాట క్రీడ, ఆత్మరక్షణ ఒకటి కావు అన్న మాట చాలామంది అంటారు, కాని వాళ్లు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: క్రీడలో నిషేధించిన ప్రమాదకరమైన దెబ్బలు వీధిలో వాడుకోవచ్చట. అసలు తేడా దెబ్బల్లో లేదని, ఆ దెబ్బకు ముందు ఏముంది, తరువాత ఏముంది అన్న చోట ఉందని నా వాదన.

రింగు అంటే ఇద్దరి మధ్య ఒప్పందం. పోటీ రోజున పొద్దున్నే బరువు తూస్తారు, డాక్టరు పరీక్షిస్తాడు, నా బరువుకు సరిపడే మనిషినే నా ముందు నిలబెడతారు. ఇద్దరి చేతులకూ ఒకే తూకం గ్లౌజులు ఉంటాయి. ఎవరితో, ఎక్కడ, ఏ సమయానికి, ఎన్ని నిమిషాలు అన్నది ముందే తెలుసు. గంట మోగితే మొదలవుతుంది, మళ్లీ మోగితే ఆగుతుంది. మధ్యలో రిఫరీ ఆగమంటే చెయ్యి గాలిలో ఉన్నా ఆపాలి. 1867లో లండన్‌లో అచ్చయిన బాక్సింగ్ క్వీన్స్‌బెరీ నియమాలు మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం, పడినవాడు లేవడానికి 10 సెకన్లు, చేతులకు గ్లౌజులు, పట్టుకుని పడెయ్యడానికి వీల్లేదు అని స్థిరపరిచాయి. అక్కడి నుంచి బాక్సింగ్ క్రమంగా ఆ చట్రంలోనే స్థిరపడింది. నియమాలు లేవని చెప్పుకుని మొదలైన క్రీడ కూడా చివరికి ఇదే దారికి వచ్చింది. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్) పోటీ జరిగినప్పుడు బరువు విభాగాలే లేవు. ఈ రోజు గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిసిన అదే క్రీడలో, అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో బరువు విభాగాలు ఉన్నాయి, ఐదేసి నిమిషాల రౌండ్లు ఉన్నాయి, కొరకడం, కళ్లలో వేళ్లు పెట్టడం, మర్మాంగాల మీద కొట్టడం, తల వెనుక భాగాన గుద్దడం, ఒక్కొక్క వేలు పట్టి విరవడం, కింద ఉన్నవాడి తలను కాలితో తన్నడం నిషేధం.

ఈ ఒప్పందం ఎంత లోతైనదో చూడాలంటే టోక్యో ఒలింపిక్స్ కరాటే ఫైనల్ గుర్తు చేసుకోవాలి. 2021 ఆగస్టు 7న, 75 కిలోలకు పైబడిన పురుషుల విభాగంలో, పాయింట్లలో ముందున్న సౌదీ అరేబియా ఆటగాడు తారెగ్ హమేదీ ఎత్తి తన్నిన తన్ను ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే తలకు గట్టిగా తగిలింది. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. అదుపు తప్పిన దెబ్బ అని న్యాయనిర్ణేతలు హమేదీని అనర్హుడిగా ప్రకటించారు, స్పృహ తప్పినవాడికి స్వర్ణం వచ్చింది. ఆ రోజు చాలామంది దీన్ని విడ్డూరంగా చెప్పుకున్నారు. నాకు మాత్రం అది పూర్తిగా న్యాయంగా కనిపించింది. అదుపుతో కొట్టాలన్నది ఇద్దరూ ఒప్పుకుని బరిలో దిగిన షరతు. ఆ షరతును నిలబెట్టడమే క్రీడ. అయితే ఒకరి శరీరం కూలడమూ, అదే మనిషి గెలవడమూ ఒకేసారి జరగగల చోటుకు పేరు క్రీడ. అనకాపల్లి ఇంటి నడవలో అలాంటి న్యాయనిర్ణేత ఎవరూ లేరు. నాకు గంట వినిపించలేదు. ఎదుట ఉన్నది ప్రత్యర్థి అన్న సంగతే నా ఒంటికి తెలియలేదు, ఆయన బాబాయ్. పైగా చేతులు రెండూ ట్రేకు అంకితమై ఉన్నాయి. మూడేళ్ల సాధనలో నేను ఒక్కసారైనా ముఖానికి అడ్డంగా చేతుల గార్డు ఎత్తకుండా, అడుగుల దూరం లేకుండా, ఎదుటి మనిషి ఎవరో తేల్చుకోవలసిన స్థితిలో మొదలుపెట్టలేదు. మెదడు వెతికితే దొరికే అలవాటు ఒక్కటీ లేదు కాబట్టి మొద్దుబారింది.

నియమం క్రమంగా ఒంటి అలవాటుగా మారుతుందన్నది క్రీడాకారులందరికీ తెలిసిన సంగతే, అందుకే దీనిమీద ఎక్కువ చెప్పను. తైక్వాండో పోటీలో ముఖం మీద పిడికిలితో గుద్దడం నిషేధం, తలకు కాలు తగిలితే ఎక్కువ పాయింట్లు. కాబట్టి అక్కడ ఎదిగిన పిల్లల చేతులు సహజంగా కిందికి జారి ఉంటాయి. జూడోలో ప్రత్యర్థి కాళ్లను చేతులతో పట్టుకోవడాన్ని 2010లో పరిమితం చేసి, 2013లో పూర్తిగా నిషేధించారు. ఆ తరువాత నేర్చుకున్నవాళ్లకు కాళ్ల మీదకు దూకేవాడిని ఆపే పని అంతగా పడలేదు. ఇక నా బాక్సింగ్ విషయానికి వస్తే, మేం పిడికిలికి నాలుగైదు గజాల గుడ్డ చుట్టి, దానిపైన మెత్తటి గ్లౌజు తొడిగి కొడతాం. ఉత్త చేత్తో అదే గుద్దు నుదుటి మీద పడితే చిటికెన వేలి కింది ఎముక విరిగే ప్రమాదం ఉంది. ఆ విరుపుకు డాక్టర్లు పెట్టుకున్న పేరే బాక్సర్ ఫ్రాక్చర్. అందుకే మా అమ్మాయిలకు గ్లౌజు తీసేశాక పిడికిలి బిగించవద్దని, అరచేతి మడమతో తొయ్యమని చెబుతాను.

ఇంతవరకు చదివి, అయితే క్రీడ దండగ, అసలు విద్య వేరే ఉంది అనుకునేవాళ్లతో నాకు ఇంతకంటే పెద్ద తగువు ఉంది. మా దెబ్బలు ప్రాణాంతకం, అందుకే మేం పోటీల్లో పాల్గొనం అని చెప్పే గురువులు ఊరికొకరు ఉంటారు. వాళ్లకు జవాబు 1882లోనే దొరికింది. టోక్యోలో ఒక గుడిలో కోడోకన్ అనే జూడో బడిని స్థాపించిన జిగోరో కానో, పాత జపాన్ యుద్ధవిద్య జుజుత్సు నుంచి ప్రమాదకరమైన గుద్దులు, తన్నులు వేరు చేసి కతాలో, అంటే ముందుగా నిర్ణయించిన కదలికల అభ్యాసంలో ఉంచాడు. మిగిలిన పడవేతలను, పట్లను మాత్రం రందోరీలో, అంటే ఎదుటివాడు పూర్తి బలంతో ఎదిరిస్తుండగా చేసే సాధనలో పెట్టాడు. పైకి చూస్తే విద్యను బలహీనపరిచినట్టు ఉంటుంది. నిజానికి జరిగింది వేరు. రోజూ పూర్తి బలంతో చెయ్యగలిగే పది పట్లు, ఎన్నడూ ఎవరి మీదా చెయ్యలేని వంద పట్ల కంటే గట్టివయ్యాయి, ఎందుకంటే కన్ను పొడిచే విద్యను ఎవరి కన్ను మీద సాధన చేస్తారు? 2017 ఏప్రిల్‌లో చైనాలోని చెంగ్డూలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ శిక్షకుడు షూ షియాఓదోంగ్, చైనా సంప్రదాయ యుద్ధవిద్య తాయ్‌చీకి గురువునని చెప్పుకున్న వెయ్ లెయ్‌తో తలపడినప్పుడు ఆ పోరు అర నిమిషం కూడా సాగలేదు. తాయ్‌చీ విలువ ఏమిటన్నది వేరే చర్చ. ఎదిరించే మనిషితో ఎప్పుడూ తలపడని విద్యకు తన బలం తనకే తెలియదన్నది మాత్రం ఆ రోజు అందరికీ కనబడింది.

బాక్సింగ్ నాకు ఇచ్చినదాన్ని నేను తక్కువ చేసి చెప్పలేను. మొదటి ఏడాది, జోడీతో చేసే సాధన పోటీ అయిన స్పారింగ్‌లో దెబ్బ వస్తోందంటే కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. మా మాస్టారు రోజూ ఒకటే మాట: "కళ్లు మూసుకుంటే దెబ్బ తగలకుండా పోదు తల్లీ, ఎక్కడ తగిలిందో తెలియకుండా పోతుంది అంతే." ఏడాదిన్నరకు కళ్లు తెరుచుకుని ఉండడం వచ్చింది. చెంప మీద దెబ్బ పడితే ప్రపంచం ఆగిపోదని, శ్వాస అందనప్పుడు కూడా మరో పది సెకన్లు నిలబడవచ్చని, ఎదుటి మనిషి భుజం కదలికలో అతని ఉద్దేశం ముందే కనిపిస్తుందని తెలిసింది. ఇంట్లో ఎవరూ చెయ్యెత్తకుండా పెరిగిన ఆడపిల్లకు మొదటి దెబ్బే కాళ్లూ చేతులూ కట్టేస్తుంది. ఆ మొదటి దెబ్బను భద్రమైన చోట, నమ్మకమైన మనుషుల మధ్య తిని ఉండడం చాలా పెద్ద విషయం. ఏ మూడు రోజుల శిబిరమూ దాన్ని ఇవ్వలేదు. కాబట్టి క్రీడ అక్కర్లేదని నేను అనడం లేదు. క్రీడ ఒక ప్రశ్నకు జవాబు, ఆత్మరక్షణ వేరే ప్రశ్న అంటున్నాను.

ఆ వేరే ప్రశ్న ఎంత బరువైనదో నాకు చూపించింది మా క్లబ్బులోనే నాకంటే రెండేళ్లు పెద్దవాడైన ఒక అన్నయ్య జీవితం. ఒక రాత్రి బండి బండికి రాసుకుంది. అవతలి మనిషి దిగి తిట్టాడు, కాలరు పట్టుకున్నాడు. అన్నయ్య కుడిచేత్తో ఒక్క క్రాస్, అంటే సూటి గుద్దు, కొట్టాడు. చక్కగా, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు కొట్టాడు. ఆ మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెనక్కి పడి, తల డివైడరు అంచుకు కొట్టుకుంది. స్పృహ పోయిన మనిషి పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోలేడు. అతని తలను ఆపేది నేల ఒక్కటే. రింగులో కాన్వాసు కింద మెత్తటి పొర ఉంటుంది, రోడ్డుకు ఉండదు. ఆ మనిషికి మెదడులో గడ్డకట్టిన రక్తం తీయడానికి ఆపరేషన్ చేశారు. బతికాడు, కాని మాట తడబడేది. కేసు నాలుగేళ్లు నడిచింది. ఆ నాలుగేళ్లూ అన్నయ్య ఉద్యోగం వెతుక్కోలేకపోయాడు, గ్లౌజులు మళ్లీ ముట్టుకోలేదు. వాయిదాలకు మాస్టారితో పాటు మేమూ వెళ్లేవాళ్లం. కోర్టు బయట బల్ల మీద ఆ మనిషి భార్య, అన్నయ్య తల్లి పక్కపక్కనే కూర్చుని ఉండడం చూశాను. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒక్క గుద్దుతో మనిషి పోవడం ఎక్కడైనా జరిగేదే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో దానికంటూ ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది.

మన చట్టం ఆత్మరక్షణను గట్టిగానే గుర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు దీని గురించే. పాత శిక్షాస్మృతిలో అవి 96 నుంచి 106 వరకు ఉండేవి. ప్రాణభయం, తీవ్రగాయం భయం, అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి వంటి పరిస్థితుల్లో ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు వర్తిస్తుందని 38వ సెక్షన్ చెబుతుంది. దాడికి గురవుతున్న మనిషి త్రాసు పట్టుకుని దెబ్బకు దెబ్బ తూచాలని ఆశించలేమని, ప్రమాదం ఎదురైతే పారిపోయి తీరాలన్న నియమం లేదని 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. అయితే 40వ సెక్షన్ నా వాదనకు ఆయువుపట్టు. ప్రమాదం ముంచుకొస్తోందన్న సహేతుకమైన భయం కలగగానే హక్కు మొదలవుతుంది. ఆ భయం ఉన్నంతవరకే ఉంటుంది. చట్టం దృష్టిలో గంట అంటే అదే. ఇప్పుడు బాక్సరు అలవాటు ఆలోచించండి. ఎదుటివాడు తూలాడంటే మాకు అది మొదలు. మోకాలు వంగిందా, వెంటనే మీదికి వెళ్లి ముగించాలని వేల సార్లు సాధన చేస్తాం. సరిగ్గా ఆ క్షణానే, ఎదుటివాడు తూలి ఇక హాని చెయ్యలేని స్థితికి వచ్చిన క్షణానే, చట్టం ఇచ్చిన హక్కు ముగిసిపోతుంది. రింగులో మంచి బాక్సరును చేసే గుణమే బయట ఆ మనిషిని ముద్దాయిని చెయ్యగలదు. 37వ సెక్షన్ ఇంకో మాట కూడా అంటుంది: అధికారుల రక్షణ కోరడానికి వ్యవధి ఉన్నచోట ఈ హక్కే లేదు. 112కు ఫోను చేసి పోలీసుల రక్షణ కోరగలిగే వ్యవధి ఉండి కూడా నిలబడి కొట్టినదాన్ని కోర్టు ఆత్మరక్షణగా చూడడం కష్టం.

నైపుణ్యం ఎక్కువైనకొద్దీ నిలబడాలన్న కోరిక కూడా ఎక్కువవుతుంది, అదీ నా భయం. అమెరికాలో థాయ్‌లాండ్ కిక్‌బాక్సింగ్ అయిన మువాయ్ థాయ్‌లో ఛాంపియన్ అలెక్స్ గాంగ్ 2003 ఆగస్టులో శాన్ ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు. ఆగి ఉన్న తన కారును ఢీకొట్టి వెళ్తున్న వ్యక్తి వెంటపడి, సిగ్నల్ దగ్గర అతణ్ని నిలదీశాడు. లోపలున్నవాడు తుపాకీతో కాల్చాడు. గాంగ్ కాళ్లలోని బలం అక్కడ దేనికీ పనికి రాలేదు. మన దగ్గర తుపాకీ అరుదు కావచ్చు, కత్తి అరుదు కాదు. సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెనిస్ ట్యూలర్ 1983లో ఒక సంగతి రాశాడు: కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకనులో దాటేస్తాడు. నడుముకు తుపాకీ ఉన్న పోలీసుకే అది దూసి కాల్చడానికి చాలీచాలని వ్యవధి. ఉత్త చేతులతో కత్తిని లాక్కునే విద్యను వేదిక మీద ప్రదర్శించే శిక్షకులను చూసినప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ ప్రదర్శనలో రబ్బరు కత్తి పట్టుకున్న శిష్యుడు ఒక్కసారి పొడిచి, చెయ్యి చాచి అలాగే ఆగుతాడు. నిజమైన కత్తి అలా ఆగదు; ఆ పిల్లలు దాన్ని నమ్మి ఇళ్లకు వెళ్తారు.

ఇలాంటి శిబిరాల్లో ఒకదానికి నన్ను కూడా పిలిచారు. ఊరి పేరు, కాలేజీ పేరు రాయను. మూడు రోజుల ఆత్మరక్షణ శిక్షణ అన్నారు. మూడో రోజు సాయంత్రం అతిథుల ఎదుట అమ్మాయిలు వరుసగా వచ్చి పెంకులు పగలగొట్టారు, ఫొటోలు తీశారు, సర్టిఫికెట్లు ఇచ్చారు. మూడు రోజుల్లో ఒక్క అమ్మాయిని కూడా ఎదిరించే మనిషితో తలపడనివ్వలేదు, ఒక్కరినీ గట్టిగా అరవమనలేదు. కరాటే దుస్తుల్లో ఉన్న ఒక పాప నా దగ్గరికి వచ్చి, "మేడం, ఎవరైనా తెలిసినవాళ్లయితే ఏం చెయ్యాలి?" అని నెమ్మదిగా అడిగింది. అంతలో వేదిక మీదికి పిలిచారు. ఆ ప్రశ్నకు ఆ శిబిరంలో చోటు లేదు. ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. మూడు రోజుల కంటే అది ఎంతో మేలు. ఆ మూడు నెలల్లో ఏం నేర్పుతారన్నదే అసలు సంగతి.

ఎందుకంటే ఆ పాప అడిగిందే అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లో అత్యాచార కేసుల నిందితుల్లో 90 శాతానికి పైగా బాధితులకు తెలిసినవాళ్లే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుంచి 49 ఏళ్ల వయసున్న వివాహితల్లో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పినవాళ్లు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 30 శాతం. చీకటి సందులో ముసుగు మనిషి కోసం మనం అమ్మాయిలను తయారుచేస్తున్నాం. హాని ఎక్కువగా చేసేది మాత్రం వెలుతురున్న ఇంట్లో, పేరు పెట్టి పిలిచే మనిషి. కెనడాలో షార్లీన్ సెన్ అనే మనస్తత్వ శాస్త్ర పరిశోధకురాలి బృందం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం నా తరగతిని పూర్తిగా మార్చేసింది. మూడు విశ్వవిద్యాలయాల్లో 893 మంది మొదటి ఏడాది విద్యార్థినులను తీసుకుని, సగం మందికి కరపత్రాలు ఇచ్చారు, సగం మందికి మూడేసి గంటల చొప్పున నాలుగు విడతలు, మొత్తం 12 గంటలు శిక్షణ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అత్యాచారానికి గురైనవాళ్లు కరపత్రాల బృందంలో 9.8 శాతం, శిక్షణ బృందంలో 5.2 శాతం. 12 గంటల్లో బాక్సర్లు తయారు కారు. ఆ శిక్షణలో కొట్టడం, తప్పించుకోవడం ఒక భాగం మాత్రమే. మిగిలినదంతా తెలిసిన మనిషి దగ్గర ప్రమాదాన్ని ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక నోరు తెరవనివ్వకుండా లోపల అడ్డుపడేవేమిటి, వాటిని ఎలా దాటాలి అన్నదే.

ఆ అడ్డుపడేవి మన దగ్గర ఇంకొంచెం చిక్కగా ఉంటాయి, అవి మన భాషలోనే ఉన్నాయి. మనకు ఊళ్లో ప్రతి మగమనిషీ ఏదో ఒక వరస. పక్కింటాయన బాబాయ్, ఆటో నడిపే అతను అన్నయ్య, నాన్న స్నేహితుడు మావయ్య, ట్యూషన్ చెప్పే ఆయన మాస్టారు. వరస కలపడం ఎంత మంచి అలవాటో, అదే అలవాటు ఆడపిల్ల నోటికి తాళం కూడా వేస్తుంది. మా అమ్మాయిలతో మొదట్లో ఒక సాధన చేయించాను: ఒకరు భుజం మీద చెయ్యి వెయ్యాలి, రెండోవారు దాన్ని తియ్యమని గట్టిగా చెప్పాలి. అపరిచితుడు అనుకోమంటే అందరూ "ఏయ్, చెయ్యి తియ్యి" అని బాగానే అరిచారు. మావయ్య అనుకోమన్నాను. గది నిశ్శబ్దమైపోయింది. ఒకమ్మాయి నవ్వేసింది, ఒకమ్మాయి కళ్లు దించుకుంది. ఎందుకు మాట రావడం లేదని అడిగితే ఒకమ్మాయి చెప్పింది: "మేడం, మావయ్యని 'తియ్యి' అని ఎలా అంటాం?"

ఆ జవాబు వినేదాకా నాకు నా 2009 అర్థం కాలేదు. ఎదిరించడమంటే మర్యాద తప్పడమే అని నా లోపల ఉండిపోయింది. ఆయన్ని ఏకవచనంలోకి దించితే తప్ప, అందరి ఎదుట తిట్టితే తప్ప, కొడితే తప్ప కాదనడానికి వీల్లేదు అనుకున్నాను. అంత పని చెయ్యలేక చిన్న పని కూడా చెయ్యలేదు. మర్యాద తప్పకుండా కూడా చెయ్యి తీయించవచ్చు. "చెయ్యి తియ్యండి మావయ్యా." ఇందులో అగౌరవం ఏమీ లేదు. మీరు అనే బహువచనం ఉంది, వరస ఉంది, ఆజ్ఞ కూడా ఉంది. నవ్వకుండా, క్షమించమనకుండా, పక్కగదిలో వినిపించేంత గొంతుతో అంటే చాలు. వినలేదా, రెండోసారి ఇంకా పెద్దగా, అప్పుడు ఏం చేస్తున్నారో కూడా చెబుతూ: "నా నడుము మీద నుంచి చెయ్యి తియ్యండి మావయ్యా." అప్పటికీ వినలేదా, అప్పుడు అరచేతి మడమ, మోచెయ్యి, మోకాలు, ఆ తరువాత తలుపు. ఈ మెట్లు ఎక్కడం నేర్పడమే ఆత్మరక్షణ అని ఇప్పుడు నమ్ముతున్నాను. అత్యవసరమైతే మెట్లన్నీ ఒక్కసారే దాటవచ్చని కూడా చెబుతాను. ఎదుటివాడు మీదపడితే మొదటి మెట్టు దగ్గర ఆగాల్సిన పని లేదు. తప్పు ఎప్పుడూ చెయ్యి వేసినవాడిదే అనీ, ఆ రోజు గొంతు పెగలకపోతే అది అమ్మాయి నేరం కాదనీ ప్రతి తరగతిలో మొదట చెప్పే మాట.

క్రీడల్లో దీనికి దగ్గరగా ఉన్నది ఏదని వెతికితే నాకు బాక్సింగ్ కనపడలేదు, జూడో కనపడలేదు; మన చెడుగుడు కనపడింది. కూతకు వెళ్లినవాడు ఒంటరి, అవతల ఏడుగురు. ఇప్పటి కబడ్డీలో 30 సెకన్ల వ్యవధి. ఎవరినీ పడగొట్టక్కర్లేదు, గెలవడమంటే పట్టు విడిపించుకుని మధ్యగీత ఇవతలికి రావడం. గీతకు వేలు తగిలినా చాలు. చీలమండ పట్టుకున్నప్పుడు, నడుము చుట్టేసినప్పుడు, ఒక్కడి మీద ముగ్గురు పడినప్పుడు ఒంటిని గీత వైపు ఎలా లాక్కోవాలో అందులో అసలైన సాధన ఉంది, అదీ పూర్తి బలంతో ఎదిరించే మనుషుల మీద. నోరు మూసుకుని ఆడే ఆట కూడా కాదు. కూత ఆగితే ఔటు. అందుకే మా ఆదివారం తరగతి చివరి అరగంట గ్లౌజులు తీసేసి, చాపలు పరిచి, తలుపు దగ్గర సుద్దముక్కతో గీత గీస్తాను. ఇద్దరు ముగ్గురు పట్టుకోవాలి, ఒకరు విడిపించుకుని గీత దాటాలి. పట్టుకున్నవాళ్లను కొట్టినందుకు పాయింట్లు లేవు. విడిపోయాక వెనక్కి తిరిగి ఇంకో దెబ్బ వేసినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. నాలాంటి పాత బాక్సర్లకే ఇది చాలా కష్టం.

ఒకమ్మాయి ఉంది. రింగులో చక్కగా ఆడుతుంది, ఎడమచేతి జాబ్, అంటే చిన్న సూటి గుద్దు, కంటికి కనపడనంత వేగం. ఈ సాధనలో గీత కూడా తేలిగ్గా దాటేది, కాని నోట్లోంచి ఒక్క శబ్దం కూడా వచ్చేది కాదు. మూడు వారాలు అలాగే జరిగింది. నాలుగో ఆదివారం నేనే వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, "నేను మీ మావయ్యని" అన్నాను. చాలాసేపు నేల చూసింది. తరువాత తల ఎత్తి, "చెయ్యి తియ్యండి మావయ్యా" అంది, అదీ వినీ వినపడనట్టు. ఇంకోసారి అనమన్నాను. ఆ మధ్యాహ్నం 11 సార్లు అంది. పదకొండోసారికి, హాలు బయట బూట్లు వేసుకుంటున్న ఆమె తమ్ముడు ఏం జరిగిందోనని లోపలికి పరిగెత్తుకొచ్చాడు.